తాళంచెవి ఎవరి దగ్గర?



ఇంట్లో బియ్యం, పప్పులు పెట్టుకునే గది ఉంటుంది. ఆ గదికి తాళం ఉంటుంది. తాళంచెవి అత్త నడుముకు వేలాడుతుంటే కోడలు ఏం వండుతుంది? అత్త కొలిచి ఇచ్చిందే వండుతుంది. పిల్లాడికి జ్వరం వచ్చి జావ కావాలన్నా అడగాలి. చుట్టం వచ్చాడని గుప్పెడు పప్పు ఎక్కువ వేయాలన్నా అడగాలి. కోడలికి వంట రాక కాదు. తాళంచెవి చేతిలో లేక.

ఊరికి పంచాయతీ కూడా అలాంటిదే. ఒక్కోసారి పంచాయతీ చేసిన పని చూసి మనకు కోపం వస్తుంది. "ఇదేం పని? ఇంతకన్నా మంచి దారి లేదా?" అంటాం. మంచి దారి ఉండే ఉంటుంది. ఆ దారికి వేసిన తాళం ఎవరి దగ్గర ఉందో మనం అడగం.

ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం. ముందు ఒక కథ. ఇది నెల్లూరు జిల్లాలో ఒక ఊరి కథ అనుకోండి. కథ కల్పితం. కథ మధ్యలో వచ్చే చట్టాలు, సంవత్సరాలు, పెద్ద ఊళ్ల సంగతులు నిజం.

మైకులో వినిపించిన మాట

అది 2023వ సంవత్సరం. వానాకాలం.

ఆ ఊరి బడి పక్కన మంచినీళ్ల కొళాయి ఉంది. కొళాయి పక్కనే చెత్త దిబ్బ ఉంది. వాన పడితే దిబ్బలోని మురుగు కొళాయి దాకా పారేది. ఆ నెలలో ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పిల్లను మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది.

మరుసటి వారం పంచాయతీ మైకు మోగింది.

"కొళాయి దగ్గర చెత్త వేసినవారికి వంద రూపాయలు జరిమానా! వేసినవారికి జరిమానా!"

ఆ సాయంత్రం రామాలయం అరుగు మీద ఆడవాళ్లంతా కూడారు. అక్కడ రోజూ చదువు సాగుతుంది. ఊరి కాలేజీ అమ్మాయి పాఠం చెబుతుంది. ఆ రోజు ఎవరూ పుస్తకం తెరవలేదు.

పాలమ్మే వదిన ముందుగా నోరు తెరిచింది. "వంద రూపాయలంట! నా పాల డబ్బు రోజుకు ఎంత మిగులుతుంది? చెత్త ఇంట్లో దాచుకోవాలా?"

"నిజమే కదా. ఎక్కడ వెయ్యాలో చెప్పకుండా, వేస్తే జరిమానా అంటే ఎట్లా?" అంది ఇంకో ఆమె.

ఇంతలో సర్పంచి వచ్చింది. ఆమె 2021 ఎన్నికల్లో గెలిచింది. ఆ ఊరి కోడలే. అందరూ వదినా అని పిలుస్తారు.

"వదినా, సమయానికే వచ్చావు" అంది పాలమ్మే ఆమె. "పేదోళ్ల మీద జరిమానాలు వెయ్యడానికేనా నీకు ఓట్లు వేసింది?"

సర్పంచి అరుగు మీద కూర్చుంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "జరిమానా నాకూ ఇష్టం లేదు. నా చేతిలో మిగిలింది అదొక్కటే."

అయిదు పనిముట్లు

కాలేజీ అమ్మాయి బల్ల మీద సుద్దతో అయిదు గీతలు గీసింది.

"పిన్నమ్మా, పొలంలో కలుపు తియ్యాలంటే దోకుడు పార కావాలి. కోత కొయ్యాలంటే కొడవలి కావాలి. పంచాయతీ పనికి కూడా పనిముట్లు ఉన్నాయి. చెత్తనే తీసుకుందాం. చెత్త పోవాలంటే పంచాయతీ ఏమేం చెయ్యగలదు? మీరే చెప్పండి."

ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. అమ్మాయి రాసింది.

ఒకటి: చెప్పడం. మైకులో చెప్పవచ్చు. గోడ మీద రాయించవచ్చు. ఇంటింటికీ తిరిగి చెప్పవచ్చు.

రెండు: కట్టుబాటు పెట్టడం. ఇక్కడ వెయ్యకూడదు అనడం. వేస్తే జరిమానా అనడం.

మూడు: పన్ను, రుసుం. నెలకు ఇంత అని తీసుకుని ఆ డబ్బుతో పని నడపడం.

నాలుగు: సాయం ఇవ్వడం. ఇంటికి రెండు బుట్టలు ఇవ్వవచ్చు. ఇంటి వెనక ఎరువు గుంత తవ్వుకున్నవారికి కొంత డబ్బు ఇవ్వవచ్చు.

అయిదు: పంచాయతీయే పని చెయ్యడం. మనిషిని పెట్టి, బండి పెట్టి రోజూ చెత్త ఎత్తించడం.

"ఇందులో మనకు ఏది కావాలి?" అని అడిగింది అమ్మాయి.

"అయిదోది!" అన్నారు అందరూ.

"మరి ఏ పనిముట్టుకు ఎంత ఖర్చు?"

అందరూ ఆలోచించారు. చెప్పడానికి పెద్ద ఖర్చు లేదు. మైకు ఉంటే చాలు. కట్టుబాటు పెట్టడానికి కూడా డబ్బు అక్కర్లేదు. తీర్మానం రాస్తే చాలు. రుసుం వెయ్యాలంటే చట్టం ఒప్పుకోవాలి, జనం నమ్మాలి. సాయం ఇవ్వాలంటే డబ్బు కావాలి. రోజూ పని చెయ్యాలంటే డబ్బూ కావాలి, మనుషులూ కావాలి.

"ఇప్పుడు అర్థమైందా వదినా?" అంది సర్పంచి. "చేతిలో డబ్బు లేని పంచాయతీకి మొదటి రెండే మిగులుతాయి. మైకు, జరిమానా. అవి మంచివని కాదు. అవి ఖర్చు లేనివి."

మూలన కూర్చున్న అవ్వ నవ్వింది. "పెట్టేందుకు ఏమీ లేనప్పుడే ఇంట్లో కసుర్లు ఎక్కువ" అంది.

కొంగున ముడేసిన డబ్బు

"డబ్బు లేదంటే నమ్మాలా? ఢిల్లీ నుంచి లక్షలు వస్తాయంటారు కదా" అంది పాలమ్మే ఆమె.

"వస్తాయి. దాచేది ఏముంది? లెక్క చెబుతా రాసుకోండి" అంది సర్పంచి.

కేంద్రం నుంచి పంచాయతీలకు ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఉన్న కాలానికి ఒక పద్ధతి చెప్పింది. వచ్చే డబ్బులో వందకు అరవై రూపాయలు ముందే ముడి వేసి ఉంటాయి. అందులో ముప్పై తాగునీటి పనులకు. ముప్పై పారిశుద్ధ్యానికి. మిగిలిన నలభై రూపాయలు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అయితే ఆ నలభైని కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు.

కథలోని ఊరికి ఆ ఏడాది 6,00,000 రూపాయలు వచ్చాయి అనుకుందాం.

తాగునీటికి: 1,80,000.
పారిశుద్ధ్యానికి: 1,80,000.
ఊరి అవసరాలకు: 2,40,000.

"పారిశుద్ధ్యం డబ్బు ఉంది కదా వదినా?"

"ఉంది. ఈ ఏడాది అది పడమటి వీధి కాలువకు అయిపోయింది. అంతకుముందు ఎరువు షెడ్డు కట్టాం. షెడ్డు అట్లాగే ఉంది. దాంట్లోకి చెత్త తెచ్చే మనిషి లేడు."

"నలభై శాతం డబ్బుతో మనిషిని పెట్టు."

"దాంట్లోంచి జీతం ఇవ్వకూడదు. సిమెంటు రోడ్డు వెయ్యొచ్చు. చీపురు పట్టే మనిషికి మాత్రం నెల జీతం ఇవ్వలేను."

"సచివాలయంలో అంతమంది ఉన్నారు కదా?"

"వాళ్లకు జీతం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. వాళ్ల పనులు వేరే. చెత్త ఎత్తే పని వాళ్లది కాదు."

అందరికీ సంగతి తెలిసింది. డబ్బు వచ్చింది. కాని కొంగున ముడేసి వచ్చింది. పుట్టింటివాళ్లు చీర కొనుక్కోమని డబ్బు ఇస్తే దాంతో మందులు కొనకూడదు అన్నట్టు.

ముడి వెయ్యడం అంతా తప్పు కాదు. తాగునీటి డబ్బు తాగునీటికే పోవాలి అంటే మంచిదే. లేకపోతే కొందరు పెద్దమనుషులు ఆ డబ్బుతో ఊరి ముందర ఆర్చీ కడతారు. కాని ఊరి అవసరం ఒకటై, ముడి ఇంకొకటైతే చిక్కు. అప్పుడు షెడ్డు ఉంటుంది, మనిషి ఉండడు. ట్యాంకు ఉంటుంది, కరెంటు బిల్లుకు డబ్బు ఉండదు.

చట్టం ఏమంటుంది?

"అసలు పంచాయతీకి ఏ అధికారం ఉంది? ఎవరు ఇచ్చారు?" అని ఒకామె అడిగింది.

అమ్మాయి చెప్పింది.

1992లో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది. దాన్ని 73వ సవరణ అంటారు. అది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. అందుకే ఏప్రిల్ 24ను పంచాయతీ రాజ్ దినం అంటున్నాం.

ఆ సవరణతో అయిదేళ్లకు ఒకసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. మూడింట ఒక వంతుకు తగ్గకుండా పదవులు ఆడవాళ్లకు దక్కాయి. తర్వాత మన రాష్ట్రంలో దాన్ని సగానికి పెంచారు. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది.

రాజ్యాంగంలో 29 పనుల జాబితా కూడా చేర్చారు. తాగునీరు, రోడ్లు, బడులు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, స్త్రీ శిశు సంక్షేమం అన్నీ అందులో ఉన్నాయి.

"అయితే ఆ 29 పనులూ పంచాయతీవేనా?"

"అక్కడే ఉంది మెలిక పిన్నమ్మా. ఈ పనులు పంచాయతీలకు అప్పగించవచ్చు అని రాజ్యాంగం రాష్ట్రాలకు చెప్పింది. అప్పగించి తీరాలి అనలేదు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నది రాష్ట్రం ఇష్టం."

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ రాజ్ చట్టం 1994లో వచ్చింది. తెలంగాణ 2018లో తన చట్టం చేసుకుంది. ఏ రాష్ట్రంలోనైనా లెక్క ఒకటే. పని అప్పగిస్తే చాలదు. పనితో పాటు డబ్బు రావాలి. డబ్బుతో పాటు మనుషులు రావాలి. ఈ మూడూ కలిస్తేనే స్వంత అధికారం. పని ఇచ్చి డబ్బు ఇవ్వకపోతే అది బరువు. డబ్బు ఇచ్చి నిర్ణయం ఇవ్వకపోతే అది కూలి పని.

ఇతర చోట్ల ఏం జరిగింది?

"ఎక్కడైనా తాళంచెవి పంచాయతీకి ఇచ్చారా?" అని పాలమ్మే ఆమె అడిగింది.

కేరళలో చాలా వరకు ఇచ్చారు. 1996లో అక్కడి ప్రభుత్వం ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రణాళిక డబ్బులో 35 నుంచి 40 శాతం దాకా పంచాయతీలకు, పట్టణాలకు ఇస్తామంది. అందులో చాలా డబ్బుకు ముడి వెయ్యలేదు. జనం గ్రామసభల్లో కూర్చుని ఏం కావాలో చెప్పారు. ఏ పంచాయతీ ప్రణాళిక ఆ పంచాయతీ తయారు చేసుకుంది.

1998లో అక్కడ కుటుంబశ్రీ మొదలైంది. అవి మన పొదుపు సంఘాల వంటి ఆడవాళ్ల సంఘాలు. తర్వాతి కాలంలో కుటుంబశ్రీ ఆడవాళ్లతో హరిత కర్మ సేన అనే దండు తయారైంది. వాళ్లు ఇంటింటికీ వచ్చి ప్లాస్టిక్ చెత్త తీసుకుపోతారు. ఇంటివాళ్లు నెలకింత రుసుం కడతారు. చూశారా? చెత్త అదే. కాని వాళ్లు వాడింది మూడో పనిముట్టు, అయిదో పనిముట్టు. ఊరు శుభ్రం అయింది, ఆడవాళ్లకు పని దొరికింది. చేతిలో అధికారం, డబ్బు, సంఘం ఉంటే పనిముట్టు మారిపోతుంది.

తెలంగాణలో ఇంకో దారి పట్టారు. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైంది. ప్రతి పంచాయతీకీ ఒక ట్రాక్టరు, ఒక నర్సరీ, ఒక డంపింగు యార్డు, ఒక వైకుంఠధామం ఉండాలన్నారు. దీనితో చాలా ఊళ్లలో చెత్త బండి తిరిగింది. అది మంచి. కాని పనిముట్టు ఏదో ముందే పైన నిర్ణయం అయిపోయింది. పెద్ద ఊరికీ ట్రాక్టరే. కొద్ది ఇళ్లున్న తండాకూ ట్రాక్టరే. డీజిలు, డ్రైవరు ఖర్చు మాత్రం పంచాయతీ డబ్బులోంచే. చిన్న ఊరికి తొక్కుడు బండి చాలేమో. అది ఎంచుకునే వీలు ఉండాలి కదా.

అదే తెలంగాణలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లి ఉంది. ఆ ఊరి పేరు చాలామంది విన్నారు. అక్కడ ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకున్నారు. తాగునీటికి ఒక కమిటీ, శుభ్రతకు ఒక కమిటీ, ఇట్లా. ఇంటి పన్ను పూర్తిగా కట్టే ఊరని దానికి పేరు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. ఆ ఊరికి చట్టం వేరేగా లేదు. చట్టం ఇచ్చినంత మేర అధికారాన్ని జనం కలిసి పూర్తిగా వాడుకున్నారు.

అవ్వ చెప్పిన సంగతి

ఇంతలో అవ్వ గొంతు సవరించుకుంది.

"చెత్త సరే. ఆ బెల్టు షాపు సంగతేంది? దాన్ని తియ్యమని తీర్మానం రాస్తే పోదా?"

సర్పంచి తల అడ్డంగా ఊపింది. "తీర్మానం రాస్తాను అవ్వా. కాని మద్యం సంగతి పంచాయతీ చేతిలో లేదు. అది రాష్ట్ర ఎక్సైజు శాఖది."

"అప్పుడూ అంతే" అంది అవ్వ. "మా పుట్టిల్లు దూబగుంట దగ్గర. 1990ల మొదట్లో అక్షరదీపం చదువులకు పోయేవాళ్లం. పుస్తకంలో మా బతుకే ఉండేది. సారా తాగి కూలి డబ్బు పోగొట్టే మొగుళ్ల కథ చదివాం. చదివి ఊరుకోలేదు. అంతా కలిసి సారా దుకాణం మూయించాం."

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆ కదలిక 1992లో జిల్లా అంతా పాకింది. సారా అమ్ముకునే హక్కును అప్పట్లో ప్రభుత్వమే వేలంపాట వేసేది. ఆడవాళ్లు గుంపులుగా వెళ్లి ఆ పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1995 జనవరిలో మద్యం అంతటినీ నిషేధించారు. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు.

"చూశావా అమ్మాయ్" అంది అవ్వ. "మా ఊరి పంచాయతీకి సారా దుకాణం మూసే తాళంచెవి లేదు. ఉంటే ఊళ్లోనే తేలిపోయేది. లేదు కాబట్టి కలెక్టరు ఆఫీసు దాకా నడవాల్సి వచ్చింది. పైన ఉన్నవాళ్లు నిషేధం పెట్టారు. పైన ఉన్నవాళ్లే తీసేశారు. మా ఊరిని అడిగి తియ్యలేదు."

అరుగు మీద అందరూ నిశ్శబ్దంగా విన్నారు.

అమ్మాయి ఇంకో మాట చెప్పింది. గిరిజనులు ఉండే షెడ్యూల్డు ప్రాంతాల కోసం 1996లో ఒక చట్టం వచ్చింది. దాన్ని పెసా చట్టం అంటారు. అక్కడ మత్తు పదార్థాలను నిషేధించే, అదుపు చేసే అధికారం పంచాయతీకీ, గ్రామసభకూ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. చింతపండు, తేనె, ఇప్పపువ్వు వంటి చిన్న అటవీ ఫలాల మీద హక్కు కూడా చెప్పింది. అంటే అక్కడ కట్టుబాటు అనే పనిముట్టు ఊరి చేతికి వచ్చింది. చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన పని జరగదు. గ్రామసభకు జనం రావాలి, అడగాలి. కాని అడిగేందుకు ఆధారం ఉంది.

అందుకే ఏ పనికైనా ముందు ఒక ప్రశ్న వెయ్యాలి. ఈ పని తాళంచెవి ఎవరి దగ్గర? పంచాయతీ దగ్గర ఉంటే గ్రామసభలో అడగాలి. మండలంలో ఉంటే మండలంలో అడగాలి. రాష్ట్రం దగ్గర ఉంటే అర్జీ పెట్టాలి, కలిసి నడవాలి. చేతిలో లేని పనికి సర్పంచిని తిడితే లాభం లేదు. చేతిలో ఉన్న పని చెయ్యకపోతే వదలకూడదు.

మన చేతిలో ఉన్న చిన్న తాళంచెవి

"అయితే చెత్తకు దారి లేదా?" అని పాలమ్మే ఆమె నిట్టూర్చింది.

"ఒక డబ్బు ఉంది వదినా, దానికి పైవాళ్ల ముడి లేదు. ఇంటి పన్ను" అంది సర్పంచి. "అది పంచాయతీ స్వంత డబ్బు. పన్నుకు చట్టం హద్దులు పెట్టింది. కాని వసూలు చేసేదీ మనమే, బడ్జెట్టు రాసుకుని ఖర్చు చేసేదీ మనమే. దాంట్లోంచి జీతం ఇవ్వొచ్చు."

ఆమె లెక్క చెప్పింది. ఊళ్లో 420 ఇళ్లు. సగటున ఇంటికి ఏడాదికి 400 రూపాయల పన్ను. మొత్తం 1,68,000 రావాలి. కట్టింది 180 ఇళ్లవాళ్లు. వచ్చింది 72,000. అది వీధి దీపాలకు, మోటారు మరమ్మతుకు సరిపోయింది. కట్టనివి 240 ఇళ్లు. రావాల్సింది 96,000.

అమ్మాయి బల్ల మీద రాసింది. "చెత్త ఎత్తే మనిషికి నెలకు 8,000 ఇస్తే, ఏడాదికి ఎంత?"

కొందరు వేళ్లతో లెక్క పెట్టారు. కొందరు పలక మీద రాశారు. పాలమ్మే ఆమెకే ముందు వచ్చింది. "96,000!"

ఒక్కసారిగా అందరూ బల్ల వైపు చూశారు. కట్టని పన్ను, చెత్త మనిషి జీతం రెండూ ఒకటే.

"నేనూ రెండేళ్లుగా కట్టలేదు" అంది పాలమ్మే ఆమె. "కట్టినా ఏం చేస్తారులే అనుకున్నా."

"నువ్వు నాలుగు వందలు బాకీ. మేడల వాళ్లు ఎంత బాకీ ఉన్నారో జాబితా చదివితే తెలుస్తుంది" అంది ఇంకో ఆమె.

"చదువుదాం. గ్రామసభలో అందరి ముందూ చదువుదాం" అంది సర్పంచి.

గ్రామసభ రోజు

ఆ గ్రామసభకు అరవైమంది ఆడవాళ్లు వచ్చారు. అంతమంది అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

కార్యదర్శి బాకీల జాబితా చదివాడు. పెద్ద బాకీలు పెద్ద ఇళ్లవే. ఒక పెద్దమనిషి లేచి, "ఇట్లా పేర్లు చదివి పరువు తీస్తారా?" అన్నాడు.

పాలమ్మే ఆమె లేచింది. ఆమె సభలో మాట్లాడటం అదే మొదటిసారి. "అన్నా, మా ఇంటి పేరు కూడా చదివారు. నేను రేపు కడతాను. నువ్వు ఎప్పుడు కడతావు?" అంది.

సభలో నవ్వులు వినిపించాయి. ఆయనా కూర్చున్నాడు.

నాలుగు తీర్మానాలు రాశారు. కార్యదర్శి పుస్తకంలో రాసినదాన్ని ఆడవాళ్లు చదివించుకుని విని సంతకాలు పెట్టారు.

ఒకటి: బాకీ పన్నులు మూడు నెలల్లో కట్టాలి. కష్టంలో ఉన్నవాళ్లు వాయిదాల్లో కట్టవచ్చు.

రెండు: ఆ డబ్బుతో తొక్కుడు బండి మీద చెత్త ఎత్తే మనిషిని పెట్టాలి.

మూడు: బండి వచ్చేదాకా ఎవరి దగ్గరా జరిమానా తీసుకోకూడదు. బండి వచ్చాక కూడా కొళాయి దగ్గర వేస్తే, పేదా గొప్పా తేడా లేకుండా తీసుకోవాలి.

నాలుగు: ప్రతి గ్రామసభలో ఈ డబ్బు లెక్క చదవాలి.

తర్వాత ఏమైంది? అన్నీ అనుకున్నట్టు జరగలేదు. మూడు నెలల్లో 150 ఇళ్లవాళ్లే కట్టారు. 60,000 వచ్చింది. అది ఏడున్నర నెలల జీతానికే సరిపోతుంది. అయినా బండి మొదలైంది. ఆ ఊళ్లో భర్త లేని ఒక ఆమెకు ఆ పని దొరికింది. షెడ్డులో ఎరువు తయారైంది. కొళాయి దగ్గర దిబ్బ పోయింది. మిగిలిన 90 ఇళ్ల చుట్టూ సంఘం ఆడవాళ్లు ఇంకా తిరుగుతున్నారు.

బెల్టు షాపు మాత్రం పోలేదు. తీర్మానం కాపీ పట్టుకుని ఇరవైమంది సోమవారం గ్రీవెన్సుకు వెళ్లి అర్జీ ఇచ్చారు. రసీదు తెచ్చుకున్నారు. ఆ రసీదును అవ్వ తన పెట్టెలో దాచింది. "ఇది మొదటి మెట్టు. ఎట్లా నడవాలో నాకు తెలుసు" అంది.

ఒక జాగ్రత్త

స్వంత పన్నుతోనే అన్ని ఊళ్లూ బాగుపడతాయి అనుకోవద్దు. పేద ఊళ్లో పన్ను ఎంత వస్తుంది? కూలివాళ్ల వాడకు రోడ్డు, నీళ్లు వాళ్ల పన్నుతోనే రావాలంటే ఎన్నటికీ రావు. అందుకే పైనుంచి డబ్బు రావాలి. అది దయ కాదు. మనం కొనే సబ్బు వంటి వస్తువుల్లో కట్టిన పన్నులు పైకే పోతాయి. అందులో మన వాటా తిరిగి రావాలి. వీలైనంత మేర ముడి లేకుండా రావాలి.

అధికారం ఊరికి వస్తే ఊరి పెద్దలే దాన్ని మింగేయవచ్చు. అందుకే అధికారంతో పాటు లెక్క అడిగేవాళ్లు కావాలి. ఆ అడిగేవాళ్లం మనమే.

గుర్తు పెట్టుకుందాం

పంచాయతీకి అయిదు పనిముట్లు: చెప్పడం, కట్టుబాటు, రుసుం, సాయం, స్వయంగా చెయ్యడం.

ఏ పనిముట్టు వాడాలో తేల్చేవి మూడు: అధికారం, డబ్బు, మనుషులు.

ఈ మూడూ లేని పంచాయతీ చేతిలో మైకు, జరిమానా మిగులుతాయి.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో మీకు ముఖ్యమైన సమస్య ఏది? దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?
2. ఆ సమస్యకు అయిదు పనిముట్లలో ఏది మంచిది? అందుకు ఏం కావాలి?
3. కిందటి గ్రామసభకు మీ వీధి నుంచి ఎంతమంది వెళ్లారు?

లెక్క చేద్దాం

ఒక ఊళ్లో 300 ఇళ్లు ఉన్నాయి. ఇంటికి 350 రూపాయల పన్ను. 200 ఇళ్లవాళ్లు కట్టారు. ఎంత వచ్చింది? ఎంత బాకీ?

కొత్త మాటలు

తీర్మానం: సభలో అందరూ కలిసి చేసి పుస్తకంలో రాసిన నిర్ణయం.
రుసుం: ఒక పని చేసినందుకు తీసుకునే డబ్బు.
పారిశుద్ధ్యం: ఊరి శుభ్రత.
స్వంత అధికారం: ఎవరినీ అడగకుండా నిర్ణయం చేసుకోగల హక్కు.
అర్జీ: అధికారికి మన బాధ రాసి ఇచ్చే కాగితం.